నాలుగుసార్లు తయారైన జీపు

మాచర్ల రైల్వేస్టేషను వెనక సందులో అందరికీ కోడి కూస్తే తెల్లారుతుంది. ఎస్తేరమ్మకి మాత్రం కాలి కింద ఇనుము పడితే తెల్లారుతుంది. ఆ శనివారం కూడా పొయ్యి అంటించడానికి లేచిన మనిషి రెండడుగులు వేసిందో లేదో, ఒంటికాలి మీద గెంతింది.

"అమ్మో! ఏమయ్యోవ్! నట్టింట్లో నట్లు చల్లకపోతే నీకు పొద్దు గడవదా?"

పెరట్లో నిలబెట్టిన జీపు కింద నుంచి రెండు పాదాలు కదిలాయి. అవి ఆమె భర్త యేసుపాదానివి. మూడు నెలలుగా వీధివాళ్లకి ఆయనలో కనిపిస్తున్నది ఆ భాగమే.

"దొరికిందా? నిన్నటి నుంచి దానికోసమే ఎతుకుతున్నా. ఇటియ్యవే!"

"ఇస్తా. కాలితో సహా ఇస్తా, పట్టుకో!"

యేసుపాదం ఇరవై ఎనిమిదేళ్లు బండరాళ్ల లారీ తోలాడు. పోయిన ఏడు ఎడమ మోకాలు క్లచ్చు తొక్కనని మొండికెయ్యడంతో మానేశాడు. రిటైరైతే అయ్యాడు గానీ టైరుని వదల్లేదు. చేతిలో పానా ఉంటేనే ఆయనకి ప్రాణం. సాగరు కాలువల పని సద్దుమణిగాక వేలానికొచ్చిన పాత మిలిటరీ మోడలు జీపునొకదాన్ని, నాలుగు చక్రాలూ లాగే రకాన్ని, లారీకి తాడు కట్టించి ఇంటికి ఈడ్చుకొచ్చాడు. వచ్చినప్పుడు దానిలో సొంతంగా కదిలేవి రెండే: స్టీరింగూ, ఎలకలూ.

ఈ ఈడ్పంతా కూతురి కోసం. ప్రేమకుమారి గుంటూరులో నర్సు ట్రైనింగు పూర్తిచేసింది. పోస్టింగు రాళ్లచెలమ గూడెంలో పడింది. మెయిన్ రోడ్డు వదిలాక కొండ మీదికి ఎనిమిది మైళ్లు. దాన్ని దారి అనడం మన మర్యాద. వారానికోసారి కిందికి దిగి టీకామందుల ఐసుపెట్టె అందుకుని, ఐసు కరిగేలోపల పైకి చేర్చాలి.

"నడిచైనా పోతా" అంది పిల్ల. "నా కూతురు నడవటమా? బండి చేసిస్తా, ఒక్క వారం ఆగు" అన్నాడు తండ్రి. ఆ ఒక్క వారం పన్నెండు వారాలైంది. పైవాళ్లు రెండుసార్లు గడువు పెంచారు. మూడో కాగితంలో పెంచడాల్లేవు. సోమవారానికల్లా గూడెంలో చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి.

ప్రేమకుమారి టీ గ్లాసుతో, జిడ్డు మరకల పుస్తకంతో పెరట్లోకి వచ్చింది. జీపు సీటు కింద దొరికిన ఇంగ్లీషు పుస్తకమది. సగం ఎలకలు నమిలేశాయి. మిగతా సగం ఆమె చదివేసింది. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని పేజీ చదివి తెలుగులో చెప్పడం, ఆయన కింద పడుకుని విప్పడం, బిగించడం. జీపు అలాగే బాగుపడింది. శబ్దం సరిగా వినాలని, కూతుర్నే సీట్లో కూర్చోబెట్టి స్టేషను రోడ్డులో ముందుకీ వెనక్కీ తిప్పించేవాడు. అలా ఆమెకి డ్రైవింగు వచ్చేసింది. నేర్పినాయనకే ఆ సంగతి తెలియదు.

"నాన్నా, ఈ వెనక చక్రాలేంది?" ఆమె గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

జీపు వెనక రెండు కొత్త చక్రాలు, ముందువాటి కన్నా జానెడెత్తున నిలబడి ఉన్నాయి.

యేసుపాదం పాక్కుంటూ బయటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ట్రాక్టరు ట్రక్కువి. వెల్డింగు షాపు సత్తార్ చేత రిమ్ములు అతికించా. కొండెక్కేదానికి బలం వెనకాల ఉండాలమ్మా. ట్రాక్టరు చూళ్లేదూ?"

"ట్రాక్టరు వెనక చక్రాలే లాగుతయి నాన్నా. ఇది నాలుగూ లాగేది. నాలుగూ ఒక్క సైజుండాలంట. మొన్న నీకు చదివి చెప్పినా."

"అది మిలిటరీవోళ్లకి. రాసినోడు పలనాడు రాళ్లు చూశాడా?"

"రాళ్లు చూడకపోయినా గేరుబాక్సు చూశాడుగా."

"ఇరవై ఎనిమిదేళ్లు లారీ తోలినోడికి నువ్వు గేర్లు నేర్పుతావా?" యేసుపాదానికి గేర్లు ఎన్నయినా మారతాయి, గీర మాత్రం మారదు. "పైగా రేపు పెద్ద గుంటలో పడితే ఈ టైర్లకి మడ్‌గార్డులు తగులుతయి, అవి కోసి ఎత్తుగా పెట్టాలి. ఇంకో వారం పట్టుద్ది."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

ఎస్తేరమ్మ చేతిలో గరిటెతోనే పెరట్లోకి వచ్చింది. ఆమె మాటకి జాకీ అక్కర్లేదు, ఎంత బరువు మనిషినైనా లేపుతుంది. కానీ ఈసారి గొంతు పెంచలేదు. అందుకే యేసుపాదానికి భయమేసింది.

"ఇంకో వారమా?"

"మరి పనన్నాక..."

"నేను చెప్తా ఇను. గుడ్‌ఫ్రైడేకి ముందే ఈ బండి తయారైంది. స్టేషనుదాకా పోయొచ్చింది. మర్నాడు ఏం జేశావు? ఊగుతోందని కమాన్ కట్టలన్నీ ఇప్పావు. మళ్లీ తయారైంది. వాగు దాటేటప్పుడు నీళ్లు లోపలికి పోతయ్యని సైలెన్సరు పీకి టాపు మీదికెక్కించావు. మూడోసారి తయారైంది. ఎక్కడన్నా దిగబడుద్దని ముందు బంపరుకి ఉక్కుతాడు డ్రమ్ము బిగిస్తానని మళ్లీ ఇప్పావు. ఇయ్యాల నాలుగోసారి. టైర్లు."

"అయితే ఏందంటావు?"

"నడిచైనా పోతానన్న పిల్లని బండి పేరు చెప్పి ఆపావంటన్నా. నువ్వు బాగు జేసేది జీపు కాదయ్యా, అడ్డం!"

"అమ్మా, ఊరుకో" అంది ప్రేమకుమారి.

"ఎందుకూరుకుంటా? నేను జీపుని తిడితే, ఇనుపసామాను మీద కోపమనుకున్నారు ఇద్దరూ. కాదు. సోమవారం దాటితే నీ చదువంతా ఈ పెరట్లో తుప్పు పడుద్ది."

యేసుపాదం చేతిలో గుడ్డతో పానా తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. తర్వాత దాన్ని పెట్టెలోకి విసిరికొట్టి లేచాడు.

"ఎక్కండి! ఇప్పుడే పోదాం. నా బండి కొండెక్కుద్దో లేదో మీరే చూద్దురుగాని!"

ఎస్తేరమ్మ ఇంట్లోకి వెళ్లి కూతురి రేకుపెట్టె తెచ్చి జీపులో పెట్టింది.

"ట్రయలుకి పెట్టెందుకే?"

"ఖాళీ బండి ఎగురుద్దని నువ్వేగా అంటావు. బరువుకి."

యేసుపాదం పెట్టె కదలకుండా తనే తాడేసి కట్టాడు. ప్రేమకుమారి పాత చక్రాలు రెండూ దొర్లించుకొచ్చి వెనకాల పడేసింది. "అవెందుకు?" అనబోయేలోపు ఎస్తేరమ్మ వాటి మీద ఎక్కి కూర్చుంది. "నాకు సీటేది మరి?"

రోడ్డు మీద జీపు బాగానే పరిగెత్తింది. యేసుపాదం మనసే కుదురుగా లేదు. హారన్ అక్కర్లేనిచోట కొట్టాడు, కొట్టాల్సినచోట మరిచాడు. రోడ్డు వదిలి కొండ మొదట్లోకి రాగానే, గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డు లాగి ముందు చక్రాలనీ కలిపాడు. గులకరాళ్ల మీద జీపు మేకలా ఎక్కేసింది.

"చూశావా? ఏదీ నీ పుస్తకం?"

ప్రేమకుమారి చెవి గేరుబాక్సు మీదే ఉంది.

మూడు మైళ్లు దాటాక గులకరాళ్లు పోయి నాపరాతి పరుపు వచ్చింది. ఇంటి గచ్చులా గట్టిగా, పొడిగా, రెండు ఫర్లాంగులు పరుచుకున్న రాయి. దాని మీదికెక్కిన కాసేపటికే జీపు మూలిగింది. నడక బరువెక్కింది. కింద ఎక్కడో ఇనుము ఇనుముని కొరుకుతున్న శబ్దం. ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ముందు చక్రాల్ని విడదియ్యాలని యేసుపాదం చిన్న రాడ్డు పట్టి లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. కాలు తన్నిపెట్టి లాగాడు. ఆయన బిగించిన బోల్టుల్లో ఏదీ అంత బిగువుగా లేదు. మళ్లీ స్టార్టు చేసి యాక్సిలేటరు తొక్కబోయాడు.

"తొక్కమాక నాన్నా!" ప్రేమకుమారి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇంకొక్కసారి తొక్కితే లోపల పళ్లు రాల్తయి. దిగు."

"ఏందీ?"

"దిగు నాన్నా. నేను చూస్తా."

ఇరవై ఎనిమిదేళ్లలో ఓనరు చెప్పినా స్టీరింగు ముందు నుంచి లేవని మనిషి, దిగాడు.

ఆమె సీట్లో కూర్చుంది. రివర్సు గేరు వేసి, క్లచ్చు మెల్లగా వదిలి, మూడు గజాలు వెనక్కి పోనిచ్చింది. కింద 'టక్' మంది. చిన్న రాడ్డు రెండు వేళ్లకే వదులై వచ్చింది.

"పెద్ద చక్రం ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోవాలంటది. చిన్నది పోలేదు. ఇంజనేమో రెండిటినీ కలిపి తిప్పుతోంది. గులకలో అయితే జారి సర్దుకుంటయి. ఇక్కడ జారవు కదా, లోపలే పెనుగులాడి బిగుసుకుంటయి" అంది ఆమె కిందికి దిగుతూ. గెలిచినట్టు చెప్పలేదు. పేజీ చదివి చెప్పినట్టే చెప్పింది.

ఎస్తేరమ్మ సీటు ఖాళీ చేసింది. ఆ ఎండలో తండ్రీకూతుళ్లు జాకీ పెట్టి చక్రాలు మార్చడం మొదలుపెట్టారు. రెండోది బిగిస్తూ యేసుపాదం తల ఎత్తకుండానే అన్నాడు:

"మీ అమ్మ చెప్పింది నిజమేనమ్మా. కమాన్ కట్టలు బాగానే ఉన్నయ్. సైలెన్సరూ బాగానే ఉంది. బండి తయారైన ప్రతిసారీ గుండెల్లో రాయి పడేది. ఇప్పేవాణ్ని."

"టైర్లు?"

"టైర్లు మాత్రం తెలివనుకునే వేశా."

ప్రేమకుమారికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఆయన అడిగాడు:

"ఊరందరికీ జొరమొస్తే నువ్వు చూస్తావు. ఆ కొండ మీద నీకే జొరమొస్తే? నర్సమ్మకి నర్సెవరే?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ఎస్తేరమ్మ పైటచెంగుతో మొహం తుడుచుకుని అటు తిరిగింది.

"తెలీదు నాన్నా" అంది ప్రేమకుమారి. "నాకూ బయంగానే ఉంది. మూణ్ణెల్లుగా నువ్వు ఇప్పుతుంటే, ఒకోసారి నేను కూడా గమ్మున ఊరుకున్నా. ఇంకా వారం ఉందిలే అని. నువ్వొక్కడివే కాదు. కానీ అక్కడ పిల్లలకి ఇంతవరకు ఒక్క టీకా కూడా పడలేదు. పోవాలి."

యేసుపాదం ఆఖరి నట్టు బిగించాడు. ఎప్పుడూ రెండోసారి బిగించి చూసే మనిషి, ఈసారి పానా కూతురికిచ్చాడు. "నువ్వు చూడు." ఆమె చూసింది. నట్టు ఇంకో పావు చుట్టు తిరిగింది. 

గూడెం కిందనున్న ఏటవాలు అన్నిటికన్నా చెడ్డది. నిట్టనిలువుగా లేచి, పైన మలుపు తిరుగుతుంది. ఇలాంటిచోట లారీవాళ్లకి ఒక పద్ధతుంది. డ్రైవరు సీటు వదలడు. క్లీనరు దిగి రాయి పట్టుకుని వెనక చక్రం పక్కనే నడుస్తాడు. బండి ఆగి వెనక్కి జారబోతే ఆ క్షణంలోనే చక్రం కింద రాయి వేస్తాడు. స్టీరింగు పట్టిన తర్వాత మళ్లీ రాయి పట్టడం డ్రైవర్లకి తలవంపు.

యేసుపాదం స్టీరింగు కూతురికి వదిలి జీపు దిగాడు. చుట్టూ చూసి, మూల తేలిన బండరాయి ఒకటి ఎత్తుకున్నాడు.

"నాన్నా, నీ మోకాలు..."

"నువ్వు ముందుకి చూడు. వెనక సంగతి నాది. రైట్!"

ఆమె చిన్న రాడ్డు కలిపి, మొదటి గేరులో ఎక్కించింది. నాలుగు చక్రాలూ సమానంగా రాయిని పట్టుకున్నాయి. యేసుపాదం కుంటుకుంటూ పక్కనే నడిచాడు. సగంలో ఇంజను దగ్గి ఆగిపోయింది. జీపు వెనక్కి కదిలింది. జీపులో ఎస్తేరమ్మ కేక పెట్టేలోపే చక్రం కింద రాయి పడింది. జీపు నిలిచింది.

"ఏం పర్లా! నేనున్నా! కంగారుపడకుండా కొట్టు సెల్ఫు!"

ఆమె సెల్ఫు కొట్టింది. క్లచ్చు ఈసారి ఇంకా మెల్లగా వదిలింది. జీపు ముందుకి పాకి, మలుపు తిరిగి, కనిపించకుండా పోయింది. యేసుపాదం వంగి ఆ రాయి మళ్లీ ఎత్తుకున్నాడు. పైన ఇంకో ఎత్తుంటే? క్లీనరు మధ్యలో రాయి వదలడు.

ఆయన పైకి చేరేసరికి పావుగంట పట్టింది. గూడెం ముందు జీపు నిలబడి ఉంది. దాని చుట్టూ జనం. రేకుపెట్టె అప్పటికే నర్సు గది గడప లోపలుంది. ఎస్తేరమ్మ గది ఊడుస్తోంది. ప్రేమకుమారి నేల మీద గొంతుక్కూర్చుని, ఒక పిల్లాడి చెవిలోకి చూస్తూ వాడి తల్లితో ఏదో చెబుతోంది. తండ్రి వచ్చినట్టు కూడా గమనించలేదు.

యేసుపాదం అక్కడే నిలబడ్డాడు. చొక్కా మొత్తం తడిసింది, రాయి ఇంకా చేతుల్లోనే ఉంది. ఒక ముసలామె ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవరయ్యా నువ్వు? ఆ రాయేంది?"

మాచర్ల బస్టాండులో ఎవరడిగినా "డ్రైవరు యేసుపాదాన్ని" అని ఛాతీ విరిచి చెప్పిన మనిషి, ఒక్క క్షణం కూతురి వైపు చూశాడు.

"నేనా? నర్సమ్మ గారి బండికి క్లీనర్నమ్మా" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కళ్లకి మాత్రం బ్రేకు పట్టలేదు.