ఖాళీకి చప్పట్లు

"ఖాళీ!"

రొయ్యల గుంటలోకి కట్టిన కర్రల వంతెన చివర నిలబడి ప్రత్యూష అరిచింది.

గట్టు మీద, రేకుల షెడ్డు ముందు, వాళ్ళమ్మ వినీల ఉల్లిపాయలు కోస్తోంది. కత్తి పక్కన పెట్టి గట్టిగా చప్పట్లు కొట్టింది.

"శభాష్! చిన్న గుంట కూడా చూసిరా పోమ్మే, మళ్ళీ వాన వచ్చేట్టుండాది!"

ప్రత్యూష నవ్వింది. గబగబా ట్రేని నీళ్ళలోకి వదిలేసింది.

నిజానికి ట్రే ఖాళీగా లేదు. పైకి లాగినప్పుడు అందులో సగం మేత అలాగే ఉంది, నాని, ఉబ్బిపోయి. ప్రత్యూష ఒకసారి అమ్మ వైపు చూసింది. అమ్మ తల వంచుకుని ఉల్లిపాయ కోసుకుంటోంది. ప్రత్యూష ట్రేని పక్కకి వంచి నీళ్ళలో జాడించింది. మేత జారిపోయింది. ఆ తర్వాతే అరిచింది, ఖాళీ అని.

మైపాడు రోడ్డు దిగి సముద్రం వైపు పోతే కనిపించే రొయ్యల గుంటల్లో రెండు వాళ్ళవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నీళ్ళ మీద ఏరేటర్లు చక్రాల్లా తిరుగుతూ నీళ్ళలోకి గాలి కలుపుతుంటాయి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. కరెంటు అవసరం మనకన్నా రొయ్యలకే ఎక్కువ. మనమైతే విసనకర్రతో సర్దుకుంటాం.

మేత వెయ్యడం, ఏరేటర్లు, జనరేటర్ చూడడం హజరత్తయ్య పని. ప్రత్యూష పుట్టకముందు నుంచీ ఆయన ఆ షెడ్డులోనే ఉంటున్నాడు. ప్రత్యూష ఆయన్ని మామా అంటుంది. ట్రే లాగడం నేర్పింది కూడా ఆయనే.

ట్రే అంటే అడుగున సన్నటి వల ఉన్న పెద్ద పళ్ళెం. గుంటలో మేత చల్లేటప్పుడు ఒక గుప్పెడు ట్రేలో కూడా వేసి, తాడు కట్టి నీళ్ళలోకి దించుతారు. కొంతసేపయ్యాక పైకి లాగి చూస్తారు. ఖాళీగా ఉంటే రొయ్యలు బాగా తింటున్నట్టు. ఈసారి మేత పెంచొచ్చు. మిగిలి ఉంటే తినడం లేదన్నట్టు. అప్పుడు మేత తగ్గించాలి.

"రొయ్యకి ఆకలేస్తే అడగలేదు, కడుపు నిండితే చాలని చెప్పలేదు," అన్నాడు హజరత్తయ్య మొదటిరోజే. "ఈ ట్రేనే దాని నోరు. మిగిలితే మిగిలిందని చెప్పాల పాపా. తినని మేత అడుక్కి పోయి కుళ్ళుతాది. నీళ్ళు చెడిపోతాయి."

"అట్టనే మామా," అంది ప్రత్యూష. ఆమె అప్పుడు ఒక పీతని చూస్తోంది.

ట్రే పని ప్రత్యూష చేతికి రావడం వినీల ఆలోచన. వినీల బీఎస్సీ చదివింది. ఆ చదువు ఇప్పుడు దోసెల మీద నడుస్తోంది. దోసెని నాలుగు ముక్కలు చేసి, "ఇది పావు. ఇది అర. ఇది ముప్పావు. ఇప్పుడు పావు తిను," అంటుంది. బిందె, చెంబు, పప్పుడబ్బా, ఏది కనిపిస్తే దాన్ని పట్టుకుని, "నిండా? సగమా? ఖాళీనా?" అని ఆడుతుంది. రెండో క్లాసు చదివే ప్రత్యూషకి క్లాసులో అందరికన్నా ముందే పావూ ముప్పావూ వచ్చాయి.

ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది ఖాళీ. ఎందుకంటే అన్నం ప్లేటు ఖాళీ అయితే అమ్మ చప్పట్లు కొడుతుంది. సగానికి కొట్టదు. పావుకి "అంతేనా?" అంటుంది.

చప్పట్ల కోసం ప్రత్యూష కాకరకాయ కూడా ఖాళీ చేసేది. ఎలా చేసేదో తెలిసింది ఇంటి వెనక కోడికి ఒక్కదానికే. ఆ వీధిలో అంత లావు కోడి ఇంకొకటి లేదు.

ట్రే చూడడం మొదలెట్టినప్పుడు అన్నీ నిజం ఖాళీలే. ప్రత్యూష అరిచేది, అమ్మ చప్పట్లు కొట్టేది, నాన్న నరేంద్రబాబు మీసం కిందనే నవ్వేవాడు. స్కూల్ నుంచి రాగానే బ్యాగు ఇంట్లోకి విసిరేసి గుంటల దగ్గరికి పరుగెత్తేది.

తర్వాత ముసురు పట్టింది.

ఎండ మొహం కనిపించడం మానేసింది. వర్షాలకి స్కూలుకి సెలవిచ్చారు. దాంతో పొద్దున ట్రే, మధ్యాహ్నం ట్రే, సాయంత్రం ట్రే, అన్నీ ప్రత్యూషవే అయ్యాయి. కరెంటు వస్తూ పోతూ ఉండడంతో హజరత్తయ్య జనరేటర్ దగ్గర నుంచి కదలడానికి లేదు. "పాపా, ట్రే ఎట్టుండాదో నువ్వే చూసి చెప్పు," అని అక్కడి నుంచే కేకేసేవాడు.

ముసురు పట్టిన మొదటిరోజు ప్రత్యూష ఉన్నదున్నట్టే చెప్పింది.

"సగం మిగిలుండాది!"

అమ్మ చప్పట్లు కొట్టలేదు. "అయ్యో!" అంది. నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి ట్రేలోకి చూశాడు. ఆకాశంలోకి చూశాడు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పట్టుబడి దగ్గర పడ్డాక, రొయ్యలు పట్టి అమ్ముకునే వేళకి ఇదేందని నాన్న ఒకసారి అన్నాడు, అంతే.

ఆ అన్నం ప్రత్యూషకి కాకరకాయకన్నా చేదుగా అనిపించింది. నేను సగం అన్నాను కాబట్టే ఇలా అయింది అనుకుంది.

మర్నాడు ట్రేలో మేత మిగిలితే వంచేసింది. రొయ్యలు ఉండేది నీళ్ళలోనే కదా. ట్రేలో తింటే ఏంది, కింద తింటే ఏంది?

"ఖాళీ!" అంది.

అమ్మ చప్పట్లు కొట్టింది. నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. హజరత్తయ్య మేత కొంచెం పెంచాడు. ఇంట్లో అందరూ మళ్ళీ మాట్లాడుకున్నారు.

అలా ముసురు ఉన్నన్నాళ్ళూ ట్రే ఖాళీగానే ఉంది.

*

ఒకరోజు తెల్లవారగానే నాన్న ఫోన్ మోగింది. అవతల నుంచి హజరత్తయ్య ఒక్క మాటే అన్నాడు. "తేలినాయి బాబూ."

వాళ్ళు ముగ్గురూ వెళ్ళేసరికి పెద్ద గుంట చుట్టూ కొంగలు వాలి ఉన్నాయి. ఒకటీ అరా కాదు. గట్టంతా తెల్లగా ఉంది. మామూలుగా మనిషిని చూస్తే ఎగిరిపోయే కొంగలు ఆ పొద్దున ఎగరలేదు. వాటికి తీరిక లేదు.

రొయ్యలు నీళ్ళ మీదకి వచ్చి మీసాలు బయటపెట్టి కొట్టుకుంటున్నాయి. గట్టు వార చాలా రొయ్యలు కదలడం లేదు. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. అయినా కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

నాన్న చొక్కా కూడా విప్పకుండా నీళ్ళలోకి దిగాడు. అడుగు నుంచి చేత్తో మట్టి తీశాడు. నల్లగా, జిగటగా ఉంది. అందులో నానిన మేత ఉంది. వేళ్ళ మధ్య నుంచి అది కారిపోతుంటే నాన్న దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"హజరత్తయ్యా, ఇంత మేత ఏందిది? తినకపోతా ఉంటే ఎందుకు వేసినావు?"

"ట్రే ఖాళీ అని చెప్తేనే వేసినా బాబూ."

"ఎవరు చెప్పినారు?"

హజరత్తయ్య ప్రత్యూష వైపు చూశాడు. "పాప చెప్పింది."

ప్రత్యూష అమ్మ వెనక్కి జరిగి చీర పట్టుకుంది.

"ఏడేళ్ళ బిడ్డ మీదకి తోస్తావా?" నాన్న గొంతు పెద్దదైంది. "నువ్వు చూసుకోకుండా జనరేటర్ కాడ కూర్చుని, ఇప్పుడు బిడ్డ పేరు చెప్తావా? పాపా, ట్రే ఖాళీగానే ఉన్నిందా లేదా?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. కొంగలు కూడా చూస్తున్నట్టే అనిపించింది.

"ఉన్నింది," అంది ప్రత్యూష చాలా చిన్నగా.

హజరత్తయ్య షెడ్డులోకి వెళ్ళాడు. కొక్కేనికి ఉన్న లుంగీ, చొక్కా సంచిలో పెట్టుకున్నాడు. టార్చిలైటు తీసుకోబోయి, అది తనది కాదని గుర్తొచ్చి మంచం మీదే పెట్టేశాడు.

"కోవూరులో మా చెల్లెలి కాడికి పోతుండా," అన్నాడు వినీలతో. "జనరేటర్‌లో డీజిల్ ఉండాది తల్లీ, సాయంత్రం దాకా వస్తాది."

గట్టు మీద నడుస్తూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

వల వేసి, చచ్చినవాటినీ బతికున్నవాటినీ కలిపే లాగేశారు. పక్క గుంటల వాళ్ళు చెప్పకుండానే వచ్చి వల పట్టారు. పెద్ద గుంట పని అయిపోయింది. కొంగలకి తప్ప ఎవరికీ ఆ పొద్దున కడుపు నిండలేదు.

కాస్త పొద్దెక్కేసరికి నాన్న బకెట్‌తో మేత తీసుకుని చిన్న గుంట వైపు నడిచాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇదన్నా మిగిలింది," అన్నాడు అమ్మతో. "దీని ట్రే నిన్న సాయంత్రం కూడా ఖాళీ అన్నింది కదా పాప. మామూలుగానే వేస్తా."

ప్రత్యూషకి నిన్న సాయంత్రం గుర్తుంది. చిన్న గుంట ట్రేలో మేత నిండా ఉంది. ఒక్క రొయ్య కూడా ముట్టుకోనట్టు.

నాన్న బకెట్‌లో చెయ్యి పెట్టాడు.

"వెయ్యొద్దు నాన్నా!"

ప్రత్యూష పరుగెత్తి బకెట్ పట్టుకుంది. బకెట్ కింద పడింది. మేత గట్టంతా చెల్లాచెదురైంది.

"ఏమైంది నీకు?" అన్నాడు నాన్న.

"ఖాళీగా లేదు. దీన్దీ లేదు, దాన్దీ లేదు. నేనే వంచేసినా. అన్నీ నేనే వంచేసినా." మాటలు ఏడుపుతో కలిసి వచ్చాయి. "హజరత్ మామ ఏం చెయ్యలా."

కొట్టడానికన్నట్టు నాన్న చెయ్యి కొంచెం లేచింది. మళ్ళీ కిందికి వచ్చింది. ఆయన గట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఎందుకట్టా చేసినావు?" అని అడిగింది అమ్మ.

"ఖాళీ అంటే నువ్వు చప్పట్లు కొడతావు గదా."

వినీల కూతురి ముందు గట్టు మీద కూర్చుంది.

"కాకరకాయ కూడా నేను తినలా," అంది ప్రత్యూష, ఎటూ చెప్తున్నాను కదా అన్నట్టు. "కోడికేసినా."

"అది నాకు తెలుసు," అంది వినీల.

"ఎట్టా తెలుసు?"

"కోడిని చూస్తే తెలియదా?" వినీల కొంగుతో కూతురి మొహం తుడిచింది. "తెలిసినా నవ్వుకుని చప్పట్లు కొట్టినా. ముద్దుగా ఉన్నిందిలే అని."

ఆమె తన అరచేతులు చూసుకుంది. వల లాగినప్పుడు అంటిన నల్లమట్టి వాటికింకా ఉంది.

కొంతసేపటికి నాన్న లేచాడు. బండి తాళం తీసుకున్నాడు. "బస్సు ఎక్కేసి ఉంటాడా?" అన్నాడు తనలో తనే. బండి మైపాడు రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

అమ్మా కూతురూ గట్టు మీద పడిన మేతని ఏరారు. వినీల గింజ గింజా లెక్కపెట్టించే మనిషే కానీ ఆ రోజు లెక్కలేమీ అడగలేదు.

*

మధ్యాహ్నం దాటాక బండి శబ్దం వినిపించింది. వెనక హజరత్తయ్య కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో సంచి పెట్టుకుని. నాన్న ఏం చెప్పి తీసుకొచ్చాడో ఎవరికీ తెలియదు. ఇద్దరి మొహాల్లోనూ కోపం ఇంకా పోలేదు.

హజరత్తయ్య సంచి షెడ్డులో పెట్టి నేరుగా జనరేటర్ దగ్గరికి వెళ్ళాడు. ప్రత్యూష ఆయన వెనకే వెళ్ళి కాస్త దూరంలో నిలబడింది.

"మామా."

ఆయన జనరేటర్‌లో డీజిల్ ఎంతుందో చూశాడు.

"నాన్నకి చెప్పేసినా మామా."

"పొద్దునే చెప్పుంటే బాగుండేది," అన్నాడు జనరేటర్‌తో.

ప్రత్యూష తల దించుకుంది. వెళ్ళిపోలేదు.

సాయంత్రం హజరత్తయ్య గుప్పెడంటే గుప్పెడు మేత తెచ్చి చిన్న గుంట ట్రేలో వేశాడు. గుంటలో వెయ్యలేదు. ట్రేలోనే వేసి నీళ్ళలోకి దించాడు. అందరూ గట్టు మీద కూర్చున్నారు. సముద్రం వైపు నుంచి మళ్ళీ మబ్బు కమ్ముతోంది. కొంగలు రెండు వచ్చి చిన్న గుంట అంచున నిలబడ్డాయి. నాన్న మట్టిబెడ్డ విసిరాడు. ఒకటి ఎగిరింది, ఒకటి ఎగరలేదు.

చాలాసేపటి తర్వాత హజరత్తయ్య లేచాడు. చిన్న గుంట వంతెన చివరిదాకా నడిచి తాడు విప్పాడు. ఆగి, వెనక్కి తిరిగి, ప్రత్యూష వైపు చెయ్యి చాపాడు. చేతిలో ట్రే తాడు ఉంది.

ప్రత్యూష నాన్నని చూసింది. నాన్న నీళ్ళకేసి చూస్తున్నాడు.

ఆమె వెళ్ళి తాడు అందుకుంది. లాగింది. ట్రే పైకి వచ్చింది.

పావు వంతు తిన్నాయి. అంతే. మిగతా మేత అలాగే ఉంది, ఉబ్బిపోయి. దాని మీద ఒక చిన్న రొయ్య ఉంది. బతికే ఉంది.

ట్రే బరువుగా ఉంది. కొంచెం పక్కకి వంచితే చాలు. గట్టు మీద అమ్మ లేచి నిలబడి ఉంది. అమ్మ చేతులు రెండూ చీర కొంగు పట్టుకుని ఉన్నాయి. ఆ చేతులకి చప్పట్లు కొట్టే వీలు లేదని ఇంత దూరానికి కూడా తెలుస్తోంది.

ప్రత్యూష ట్రేని రెండు చేతులతో, వంగకుండా, అందరికీ కనిపించేట్టు పట్టుకుంది.

"ముప్పావు మిగిలుండాది!" అని అరిచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాన్న లేచి మేత బకెట్ తీసుకుని షెడ్డు లోపల పెట్టి తలుపేశాడు.

"రొయ్యని నీళ్ళలోకి వదిలి తాడు కట్టు పాపా," అన్నాడు హజరత్తయ్య. "పొద్దున మళ్ళీ చూడాల గదా."