కుందేలు బొచ్చు వాలు

కోకాపేట టవర్‌లో పదకొండో అంతస్తు రామబ్రహ్మం గారి భార్య సెక్యూరిటీ రాములుతో అన్నదట. రాములు పనిమనిషి పోచమ్మ చెవిన వేశాడు. పోచమ్మ దానికి తన వంతు ఉప్పూ కారం చల్లి డిటెక్టివ్ ఓదెలు ముందు పెట్టింది.

"పైన పన్నెండుల ఉండే భరత్ సారు, పెండ్లాం సాదుకున్న కుందేలును కోసిండంటన్నా. తోలొలిచి, పీలికలు చేసి, గాలానికి చుట్టిండంట. ఆయన చేప తినడు. పట్టి మళ్ల నీళ్లల్లనే ఇడుస్తడు. గసుంటోన్ని ఎట్ల నమ్ముతమని ఆమె అన్నదంట."

"ఆమె అన్నది సరే. నువ్వు చూసినవా?"

"ఆదివారం నేను రాను. సోమారం పోతే పంజరం ఖాళీ."

"నెత్తురు మరకలు ఏమన్న తుడిచినవా?"

పోచమ్మ చీపురు ఆపి ఆలోచించింది. "లేదన్నా. ఒక్క చుక్క లేదు. సింకు సుత అద్దం లెక్కున్నది."

ఓదెలు తల ఊపి లిఫ్ట్ ఎక్కాడు.

పోలీసు క్లూస్ టీమ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. బోరబండ స్టేషన్ పక్కన ఒక గది అద్దెకు తీసుకుని, డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టాడు. చాలావరకు పెళ్ళిసంబంధాల ఎంక్వయిరీలు. కుందేలు కేసు ఇదే మొదటిది.

నిన్న భరత్ ఆ గదికి వచ్చి ఒక్కటే అడిగాడు.

"బూందిని నేను చంపలేదని రుజువు చెయ్యండి సార్. అది రుజువైతే శిరీష ఇంటికొస్తుంది. శనివారం మా మామ ప్రొద్దుటూరు నుంచి వస్తున్నాడు. ఆయన వచ్చాడంటే తెగతెంపులే."

బూంది అంటే కుందేలు. బూడిదరంగు మీద గోధుమ ఛాయ.

*

ఫ్లాట్‌లో తాళం పగలలేదు. డిజిటల్ లాక్. కోడ్ తెలిసినవాళ్ళు నలుగురు. భరత్, అతని భార్య శిరీష, చేపలవేటలో జోడీ చైతన్య, పోచమ్మ.

"ఆదివారం మీరు ఎక్కడున్నరు?"

"తెల్లవారకముందే రాడ్ తీసుకుని చెరువుకి పోయా."

"ఎవరితోని?"

"ఒక్కణ్ణే. చైతన్య జ్వరమన్నాడు."

"మరి మేడమ్?"

"శనివారం సాయంత్రమే మాదాపూర్‌లో ఫ్రెండ్ శ్రావణి హాస్టల్‌కి పోయింది. ఆదివారం వచ్చి చూస్తే పంజరం ఖాళీ, నా టేబుల్ మీద అది. నేను మధ్యాహ్నం వచ్చేసరికి ఇంటి నిండా జనం. రాత్రే కోసి కట్టేశాననింది."

టేబుల్ అంచుకు ఒక చిన్న ఇనుప బిగింపు ఉంది. దాన్ని వైస్ అంటారని, అందులో బిగించి కట్టే బొచ్చు ఎరను ఫ్లై అంటారని భరత్ చెప్పాడు. దాని కొసన గాలపు ముల్లు. ముల్లు మీద బూడిదరంగు బొచ్చు పీలిక, నల్లదారంతో చుట్టి ఉంది. పక్కన అదే రంగు పీలికలు మూడు.

"ముట్టుకున్నరా?"

"లేదు సార్. అటువైపు చూడను కూడా చూడలేకపోయా. అది బూంది కదా."

ఓదెలు ముట్టుకున్నాడు. ఆ ముల్లును వైస్‌లోంచి ఊడదీసి పక్కన పెట్టాడు. ఒక పీలికను వేలికి చుట్టి చూశాడు. చుట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు.

"మీరొకటి కట్టి చూపిస్తరా?"

భరత్ డ్రాయర్ లాగాడు. షాపులో కొన్న కుందేలు తోలు తీశాడు. బొచ్చు కిందికి, తోలు పైకి ఉండేట్టు తిప్పి పట్టుకుని బ్లేడుతో గీరాడు. బొచ్చు ఒక్కటి తెగలేదు. సన్నని పీలిక విడివడింది.

"కత్తెర వాడరా?"

"కత్తెరైతే బొచ్చు కూడా తెగుతుంది సార్. కొసలే ప్రాణం దీనికి."

కొత్త ముల్లు బిగించి దారం చుట్టాడు. పీలికను ముల్లు వీపు మీద పడుకోబెట్టి, తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి ముడి వేశాడు. ఆ కాసేపు మనిషి గదిలో లేనట్టే ఉన్నాడు. ఓదెలు రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు.

"దీన్ని ఫ్లై అంటరా? ఈగ లెక్క లేదు గదా, తోకున్న ఎలుక లెక్కున్నది," అన్నాడు చివరికి గట్టిగా.

"చేప కంటికి చేపపిల్ల సార్. బొచ్చు తల నుంచి తోకకి వాలాలి. నీళ్ళలో లాగితే అలలాగా కదులుతుంది. ఎదురు పెడితే గడ్డి పరకలాగా నిక్కుతుంది. ఏ చేపా రాదు."

ఓదెలు పక్కన పెట్టిన పాత ఫ్లైని జేబులోంచి తీసిన భూతద్దంతో చూశాడు. మూడు పీలికలతో సహా కవర్లో వేసుకున్నాడు.

హాల్లోకి వస్తూ గోడ దగ్గర ఆగాడు. మంచులో నవ్వుతున్న జంట ఫోటో. శిరీష తలకు బొచ్చు టోపీ.

"గుల్మార్గ్," అన్నాడు భరత్. "పెళ్ళైన కొత్తలో. ఆ టోపీ నేనే బేరమాడి కొన్నా."

టీవీ వెనకా ఫ్రిజ్ వెనకా వైర్లన్నీ ప్లాస్టిక్ గొట్టాల్లో దూర్చి ఉన్నాయి. "బూంది కొరుకుతుంది సార్," అన్నాడు భరత్. "కొరికేది" అనలేదు. బాల్కనీలో పంజరం. మేత గిన్నె ఉంది. నీళ్ళ సీసా తగిలించే కొక్కెం మాత్రం ఖాళీగా వేలాడుతోంది.

*

చైతన్యను మాదాపూర్‌లో అతని ఆఫీసు కింద, టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"ఆదివారం జ్వరమా?"

"అవునండి."

"చూసినోళ్లు?"

"ఎవరూ లేరండి. రూమ్‌లో ఒక్కడినే."

"కోడ్ తెలుసు?"

"తెలుసండి. అదేంటి, నన్ను అనుమానిస్తున్నారా? వాడికి ముడి వేయడం నేర్పిందే నేను!"

"గట్లనా? అయితే జర గిది కోసియ్యి."

భరత్ దగ్గర తెచ్చిన తోలు ముక్క, బ్లేడు, కత్తెర బల్ల మీద పెట్టాడు. చైతన్య తోలు అందుకుంటూనే తిరగేశాడు. చెయ్యి దానంతట అదే బ్లేడు మీదికి పోయింది.

"చాలు. టీ తాగు," అన్నాడు ఓదెలు.

అక్కడికి రెండు సందుల అవతలే శ్రావణి హాస్టల్. గదుల్లోకి మగవాళ్ళను రానివ్వరు. శిరీష కిందికి దిగి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫోన్ చార్జింగ్ అయిపోయిందని చార్జర్ వెంట తెచ్చి, విజిటర్స్ రూమ్ ప్లగ్గులో పెట్టింది. వైరుకు రెండు చోట్ల టేపు చుట్టి ఉంది.

"ఎలుకలా తల్లీ?"

"అవునంకుల్. హాస్టల్ కదా."

"భరత్ సారు నిన్నెప్పుడన్న కొట్టిండా?"

"లేదు."

"తాగుతడా?"

"లేదు."

"వేరే ఆడమనిషి?"

ఆమె అదోలా నవ్వింది. "ఆయనకి అంత తీరిక యాడిది అంకుల్?"

ఆ రాత్రి ఓదెలు భరత్‌కు ఫోన్ చేశాడు.

"సారూ, ఈ కేసు ఇక్కడ ఇడిచిపెడదాం. నా మాటిను."

"దొరికారా ఎవరైనా?"

"ఇడిచిపెట్టమంటున్న."

"ఆమె రావాలి సార్. శనివారం అందరి ముందూ చెప్పండి. నేను ప్రాధేయపడుతున్నా."

*

శనివారం. హాల్లో సోఫా నిండా మనుషులు. భరత్ మామ రంగనాథ్ ప్రొద్దుటూరులో పేరున్న రియల్ ఎస్టేట్ మనిషి. చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు. శిరీష తండ్రి పక్కన. చైతన్య గోడకు ఆనుకుని. భరత్ నిలబడే ఉన్నాడు.

"ఏమప్పా డిటెక్టివూ, మాకు టైం లేదు," అన్నాడు రంగనాథ్. "మూగజీవాన్ని కోసినోనికి నా బిడ్డను వదిలిపోతానా? పోలీస్ కంప్లైంట్ ఇచ్చేదే."

"ఇయ్యుండ్రి. కాని కుందేలు సచ్చిపోలేదు."

హాల్లో ఒక్కసారి కదలిక. ఓదెలు కవర్లోని ఫ్లైనీ పీలికలనూ తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"పచ్చి తోలు మూడు రోజులుంటె కంపు కొడ్తది, లేకుంటె అప్పడం లెక్క బిర్రుగైతది. ఇది మెత్తగున్నది. ఎప్పుడో ఫ్యాక్టరీల పదును చేసిన తోలు. బూందిది కాదు."

"మరి ఇది ఈ భరత్‌గాడు కొన్న తోలేనేమో?"

"ఈ పీలికల అంచు చూడుండ్రి. బొచ్చు కొసలు మొండిగ తెగినయ్. పైకెల్లి కత్తెరతో కోసిండ్రు. భరత్ సారు బ్లేడుతో తోలు దిక్కుకెల్లి కోస్తడు. చైతన్య సుత గంతే. కట్టింది చూడుండ్రి. బొచ్చు తోక నుంచి తలకు వాలింది. ఎదురు. ఈ పని చేసినోళ్లకు గాలం తెల్వది. కాని టేబుల్ పక్కన కూసోని చానా దినాలు చూసిండ్రు."

"పోచమ్మ..." అన్నాడు చైతన్య.

"పోచమ్మ కుందేలును ఎత్కపోతే దాని నీళ్ల సీసా ఎందుకు ఎత్కపోతది? ఆ సీసాలకెల్లి తప్ప అది తాగదని తెలిసినోళ్లే తీస్కపోయిండ్రు. దాని మీద పానమున్నోళ్లు." ఓదెలు గొంతు తగ్గింది. ఈ ముక్క అనకుండా తప్పించుకునే దారి ఉంటే బాగుండుననిపించింది. "తల్లీ, మీ హాస్టల్ ఎలుక వైరు కొరికి ఊకున్నది. బూంది సుత వైర్లే కొరుకుతదంట గదా. గుల్మార్గ్ టోపీ జర తెచ్చి చూపిస్తవా?"

భరత్ గోడ మీది ఫోటో వైపు తిరిగాడు. టోపీ మీది బూడిదరంగు బొచ్చు. గోధుమ ఛాయ. టీపాయ్ మీది పీలిక వైపు చూశాడు. మళ్ళీ ఫోటో వైపు.

శిరీష తల ఎత్తింది. కళ్ళలో నీళ్ళు లేవు.

"బూంది శ్రావణి రూములో ఉండాది. బాగుండాది."

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చా?" రంగనాథ్ లేచాడు. "పరువు తీస్తివి కదే! ఎందుకు చేస్తివి?"

"నువ్వే కదా నాయినా? పోయినేడు ఫోన్‌లో ఏడిస్తే ఏమన్నావు? కొట్టినాడా, తాగినాడా, ఏం కారణమని సంబంధం తెంచాలన్నావు. కారణం తీసుకురాపో అన్నావు. తెచ్చినా."

రంగనాథ్ మెల్లగా కూర్చున్నాడు.

భరత్ ఆమె ముందుకు వచ్చాడు.

"నన్ను హంతకుణ్ణి చేసినావు శిరీ. టవరంతా నా మొహాన ఉమ్మేసినారు. నేనేమో నువ్వొస్తావని ఈయన కాళ్ళు పట్టుకున్నా. పోవాలనుంటే నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"చెప్పినా. 'ఒక్క నిముషం, ఈ ముడి పడనీ' అన్నావు. పడినాక ఇంకో ముల్లు బిగించుకున్నావు."