నూట అరవై మూడో పేజీ

ఆ యేడు పాలకొల్లులో కిలో బెండకాయలు కొంటే ఒక ఆత్మకథ ఉచితం. 2091 నాటి మాట. రాసే యంత్రాలు ఇంటింటికీ వచ్చాక మనిషికి మూడు పుస్తకాల చొప్పున తయారయ్యాయి. బెండకాయలమ్మే ఆవిడ నాలుగు భాగాలు రాసింది. అందులో రెండో భాగం మొత్తం ఆవిడ మోకాలి నొప్పే. రొయ్య పెంకులతో కాగితం చేసే విద్య పట్టుబడ్డాక కాగితానికి కొదవ లేకుండా పోయింది. వాన పడిన రోజు గ్రంథాలయంలోంచి రొయ్యల వేపుడు వాసన వచ్చేదనీ, పిల్లులు బల్లల ముందు వరసగా కూర్చునేవనీ ఇప్పటికీ చెబుతారు. మనుషులు మాత్రం రావడం మానేశారు. ఊరంతా రాస్తూ కూర్చుంటే చదివేవాడు ఎక్కణ్ణించి వస్తాడు?

అందుకని పరిష్కర్తల కళాశాల పెట్టారు. పరిష్కర్త అంటే ఎడిటరు. తొమ్మిది వందల పేజీల జీవితాన్ని రెండు వందలకు కోసి, కోసిన చోటు కనబడకుండా కుట్టగల మనిషి. మూడేళ్ల చదువు. చివర్లో ఒక ఆత్మకథ ఇస్తారు. దాన్ని పరిష్కరించి ‘చదువరి’ ముందు పెట్టాలి.

చదువరి అంటే ఆ కళాశాల గుర్నాథం మాస్టారు కనిపెట్టిన యంత్రం. చూడ్డానికి ధాన్యం గాదెలా ఉంటుంది. దాన్ని చేయడానికి ఆయన పదకొండు మంది పేరుమోసిన పరీక్షకుల్ని పట్టుకుని, వాళ్ల కనుబొమల మీదా బొటనవేళ్ల మీదా ఆవగింజంత గ్రాహకాలు, అంటే సెన్సర్లు, అంటించారు. దిద్దేటప్పుడు కన్ను ఎక్కడ ఆగింది, నిట్టూర్పు ఎక్కడ వచ్చింది, వేలు ఎక్కడ తడబడింది, అంతా ఆరేళ్లు నమోదు చేసి యంత్రానికి నేర్పారు. దాని అసలు గొప్ప అలసట. మామూలు కంప్యూటరు కోటి పేజీలు మింగినా అలిసిపోదు. అలిసిపోనిదానికి పాఠకుడి అవస్థ ఏం తెలుస్తుందని మాస్టారి వాదన. కాబట్టి చదువరి అలిసిపోతుంది. ప్రతి రచనకూ ఒక అలసటాంకం వేస్తుంది. నలభై దాటితే తప్పినట్టు. దాంతోపాటు మూడు వందల పేజీల నివేదిక ఇస్తుంది. ప్రతి పేజీ అడుగునా మాస్టారి సంతకం పడితేనే అది చెల్లుతుంది.

సత్యవేణికి ముప్ఫై ఆరేళ్లు. పగలు రొయ్యకాగితం మిల్లులో తడికాగితాలు ఆరబెట్టి, సాయంత్రం తరగతులకు వచ్చేది. ప్యాసైతే అదే కళాశాలలో పంతులమ్మ ఉద్యోగం ఉంది. మూడుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు, మళ్లీ జన్మలో పరీక్ష రాయనివ్వరు. ఆమె రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ నివేదిక మొదట్లో ఒకటే మాట: నడుమ భాగం సాగింది.

ఆమెకిచ్చింది ఒక కాలువ లాకు సూపరింటెండెంటు ఆత్మకథ. రెండోసారి నడుమ భాగాన్ని సగానికి కోసింది. మూడోసారి ఇంకా కోసి మొత్తం తొంభై పేజీలకు తెచ్చింది. ఎంత కోసిందంటే, ఒక పేజీలో ఆయన పెళ్లి, తర్వాతి పేజీలో ఆయన మనవరాలి బారసాల.

అలసటాంకం నలభై మూడు వచ్చింది. నడుమ భాగం సాగింది.

సత్యవేణి నివేదిక చంకన పెట్టుకుని మాస్టారి గదికి వెళ్లింది. డెబ్భై ఎనిమిదేళ్ల గుర్నాథం మాస్టారు అప్పుడు మరో కట్ట మీద సంతకాలు పెడుతున్నారు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. కళ్లు కిటికీ బయట ఉన్నాయి.

"ఇది నా పుస్తకం చదవలేదండి," అంది సత్యవేణి.

"మూడు వందల పేజీలు రాసిందమ్మా. చదవకుండా అంత ఎలా రాస్తుంది?"

"మరి ఈ నివేదిక మీరు చదివారాండి?"

"సంతకం కనబడ్డం లేదూ?" అన్నారాయన.

ఆమె మిల్లుకు నాలుగు రోజులు సెలవు చెప్పి, వరండా బల్ల మీద కూర్చుని నివేదిక మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. చదివినకొద్దీ నడుము లాగింది, కళ్లు మండాయి. ఒకే మాటను నలభై రకాలుగా తిప్పి రాసింది యంత్రం. దాటేద్దామా అని పది పేజీలకోసారి అనిపించింది. పోయేది తన పేరు కాబట్టి దాటలేదు. మూడో రోజు మధ్యాహ్నం నూట అరవై మూడో పేజీ దగ్గర ఆగి, లేచి, ఆ పేజీ తెరిచి మాస్టారి ముందు పెట్టింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివారు.

‘ఇక్కడిదాకా ఎవరైనా వస్తే ఈ పేజీ మీద ఒక గీత పెట్టండి. పదకొండేళ్లుగా అడుగుతున్నాను. ఈ రచనలో మొదటి పన్నెండు పేజీలు, చివరి ఎనిమిది పేజీలు చూశాను. మధ్యది బరువు మాత్రం చూశాను. నాకు నేర్పినవాళ్లు అలాగే చేసేవారు. అలా చేసినప్పుడు నడుమ భాగం సాగింది అని రాసేవారు. ఆ మాట ఎవరూ కాదనరు. నాకు చాలా అలసటగా ఉంది.’

దాని కింద ఆయన సంతకం ఉంది. పేరు కింద గీతతో సహా, ముచ్చటగా.

 మాస్టారు చదువరి దగ్గరికి నడిచి, ఈ సంగతి తనకు ఎందుకు చెప్పలేదని అడిగారు.

"ప్రతి నివేదికలోనూ చెప్పానండి," అంది చదువరి. "మీరు సంతకం పెట్టారు."

దానికి నేర్పిన ఆ పదకొండు మంది పరీక్షకుల్లో ఆయనా ఒకరు. 

మర్నాడు పొద్దున్నే చదువరి పక్కనే కుర్చీ వేసుకుని సత్యవేణి పుస్తకం తనే చదవడానికి కూర్చున్నారు. ఆమె ఎదురుగా నిలబడింది. పన్నెండో పేజీ అయ్యేసరికి ఆయన బొటనవేలు చివరి పేజీల వైపు పాకింది. సత్యవేణి దగ్గింది. వేలు వెనక్కి వచ్చింది. అలా నాలుగుసార్లు దగ్గింది. సాయంత్రానికి పుస్తకం మూశారు.

"మరీ కోసేశావమ్మా," అన్నారు. "పెళ్లికీ బారసాలకీ మధ్య ఆయన ఏం చేశాడో నాకు చెప్పవద్దూ?"

"మొదటిసారి ఇచ్చినప్పుడు ఉందండి అదంతా."

ఆయన తల వంచుకుని అలసటాంకం కొట్టేసి, తొమ్మిది అని వేశారు.

ఉద్యోగం వచ్చింది. పదకొండేళ్లలో ఒక నివేదిక మధ్యదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి, చదువరికి పాత చదువు తుడిచేసి, ఇకమీదట సత్యవేణిని చూసి నేర్చుకోమన్నారు. ఆమె కనుబొమల మీదా బొటనవేలి మీదా కొత్త గ్రాహకాలు అంటించారు. అవి దురద పెట్టేవి. అయినా మొదటి రచన అక్షరం వదలకుండా చదివింది. రెండోదీ అంతే. పదోదీ అంతే. పరీక్షల రోజులు. బల్ల మీద ఇంకా ముప్ఫై కట్టలున్నాయి.

ఇరవై మూడోది బెండకాయలావిడ రెండో భాగం. ఎవరో విద్యార్థి పాపం రెండు వందల పేజీలకు తెచ్చాడు. పన్నెండు పేజీలయినా ఎడమ మోకాలి దగ్గరే ఉంది. కిటికీలోంచి ఎండ సరిగ్గా కళ్లలో పడుతోంది. సత్యవేణి చివరి ఎనిమిది పేజీలు చూసింది. కట్టను ఒకసారి అరచేతిలో ఎత్తి దించింది. పెన్సిలు తీసుకుని ‘నడుమ భాగం’ అని రాసింది.

గది మూలనుంచి చదువరి మెల్లగా దగ్గింది.

"అమ్మా, ఇది కూడా నేర్చుకోమంటారా అండీ?"

పెన్సిలు ఆగింది. బొటనవేలు మాత్రం చివరి పేజీ మీదే ఉంది.