ఎర్ర చుక్క పెట్టిన నట్టు

ఆ గురువారం ఉదయం షెడ్డు ఊడుస్తుంటే చీపురు కింద ఏదో టింగుమంది. కోడలు వంగి తీసింది. చిటికెన వేలి గోరంత నట్టు. కొత్తగా మెరుస్తోంది. దాని మీద ఆవగింజంత ఎర్ర చుక్క.

చుక్క చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. చుక్క ఉన్న నట్టు నేల మీద ఉండకూడదు.

ఆ ఇంట్లో ఆ చుక్కకో అర్థం ఉంది. మావయ్య ముప్ఫై నాలుగేళ్లు యంత్రాల కార్ఖానాలో ఫిట్టరుగా చేశాడు. ఇంట్లో కుట్టుమిషను నుంచి మోటారుసైకిలు దాకా ఏది విప్పినా ఆయన ఒక్కడే చేసేవాడు కాదు. ఆయన పానాతో బిగించేవాడు. పక్కనే అత్తయ్య పీట వేసుక్కూర్చుని, అదే నట్టుని మళ్లీ పానాతో పట్టి చూసి, కదలకపోతే తన గోళ్ల రంగు సీసాలోంచి ఒక్క చుక్క పెట్టేది. చుక్క పడిందంటే ఆ నట్టు సంగతి ఇక ఎవరూ ఆలోచించక్కర్లేదు.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలికి ఇది వింతగా తోచలేదు. ఆమె ఆసుపత్రి మందుల గదిలో పనిచేస్తుంది. అక్కడా ఒకరు మాత్రలు పొట్లం కడితే ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. "అత్తాకోడళ్లిద్దరిదీ ఒకటే ఉద్యోగం" అని మావయ్య నవ్వేవాడు.

అత్తయ్య పోయి రెండేళ్లు. ఇప్పుడు బిగించేదీ ఆయనే, చుక్క పెట్టేదీ ఆయనే.

"మావయ్యా, ఇది కింద పడి ఉంది."

ఆయన మోటారుసైకిలు ట్యాంకు తుడుస్తూ తలతిప్పకుండానే, "పాతదయి ఉంటుందమ్మా. ఆ డబ్బాలో పడెయ్" అన్నాడు.

పాతది కాదని ఆమెకి కనిపిస్తూనే ఉంది. డబ్బాలో వెయ్యలేదు. గుప్పిట్లో పెట్టుకుని లోపలికి వచ్చేసింది. వంటగదిలో కాసేపు ఊరికే నిలబడింది. స్టవ్ మీద పాలు పొంగి పక్కకి పోతున్నా చూడలేదు.

అది పాతది కాదని గట్టిగా ఎందుకు అనలేకపోయిందో ఆమెకి తెలుసు.

మోటారుసైకిలు మావయ్య పెళ్లినాటిది. ఒంటి సిలిండరు బండి, బరువైన ఇనుము. ఆదివారాలు ఆయన దాని దగ్గరే ఉండిపోతాడని అత్తయ్య దానికి 'సవతి' అని పేరు పెట్టింది. "నా సవతికి స్నానం అయిందా? అయితే నా మొహం కూడా ఓసారి చూడండి" అనేది. తర్వాత పదేళ్లు అది టార్పాలిన్ కింద తుప్పు పట్టింది. అత్తయ్య మంచం పట్టాక మావయ్య ఉన్నట్టుండి దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. ఆమె పోయిన మధ్యాహ్నం కూడా ఆయన షెడ్డులోనే ఉన్నాడు. బళ్లో పాఠం మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చిన కొడుకు అందరి ముందూ, "అమ్మ పిలుస్తుంటే నువ్వు ఇనుప ముక్కలతో ఆడుకుంటున్నావా?" అన్నాడు. తండ్రి తిరిగి ఒక్క మాట అనలేదు. అంతే. ఆ తర్వాత ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాట కోడలి మీదుగానే నడిచింది. "మీ మావయ్యని తినమను." "వాణ్ణి గొడుగు తీసుకెళ్లమను."

నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం, ఇంజను ఎత్తలేక మావయ్య అవస్థ పడుతుంటే కొడుకు వెళ్లి రెండో పక్క పట్టాడు. మర్నాడూ వెళ్లాడు. స్పోకులు రుద్దడం, పెచ్చులూడిన రంగు గీకడం. షెడ్డులోంచి మొదటిసారి నవ్వు వినబడిన రోజు కోడలు స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి విప్పి, ఏడ్చింది.

ఇప్పుడు ఆ నవ్వు మధ్యలోకి ఈ నట్టు పట్టుకుని ఎలా వెళ్లాలి?

శుక్రవారం సాయంత్రం ఇంజను పలికింది. మొదట దగ్గింది. తర్వాత దబ్ దబ్ మంటూ గోడలు అదిరాయి. అటక మీద రేకు డబ్బాలు గలగలలాడాయి. స్టాండు మీదే బండి మొత్తం వణుకుతోంది. కొడుకు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఆదివారం పొద్దున్నే తీస్తున్నాం. మొదట నేనే" అన్నాడు.

"నువ్వు లెక్కల మాస్టారివి. నీ బళ్లో తప్పు చేస్తే సున్నా పెడతావు. మీ అమ్మ సవతి సున్నాలు పెట్టదురోయ్, తిన్నగా రోడ్డు మీద పడేస్తుంది" అన్నాడు తండ్రి. ఇద్దరూ పగలబడి నవ్వారు.

కోడలు నవ్వలేదు. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు వినబడుతోంది ఆమెకి. సన్నగా, పళ్లు కొరికినట్టు, ఇనుము ఇనుముకి తగులుతున్న చప్పుడు. మిగతా ఇద్దరికీ వినబడుతున్నట్టు లేదు.

వాళ్ల ఇల్లు వీధి చివర, ఎత్తులో ఉంది. గేటు దాటితే రోడ్డు ఒకటే దిగుడు. కింద పెద్ద రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతుంటాయి. కూరగాయలు తేవడానికి రోజూ దిగే దారే. ఆ సాయంత్రం గేటు వెయ్యడానికి వెళ్లి దాన్ని మొదటిసారి చూసినట్టు చూసింది.

శనివారం పొద్దున, మావయ్య స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో ఆమె షెడ్డులోకి వెళ్లింది. బండి నిండా ఎర్ర చుక్కలు. ట్యాంకు కింద, మడ్‌గార్డు అంచున, హ్యాండిల్ మెడ దగ్గర. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇరుసు నట్టు మీద కూడా ఒకటి. ఆమె రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూసింది.

తిరిగింది.

సీసా మూత తిరిగినంత సులువుగా. గబగబా వెనక్కి తిప్పింది. ఈ ఒక్కటీ ఎలాగో బిగించగలదు. మిగిలినవి ఎన్ని? ఏ చుక్క నిజం చెబుతోంది, ఏది అబద్ధం? అన్నీ ఒకేలా ఎర్రగా మెరుస్తున్నాయి.

భర్తని పెరట్లోకి పిలిచి చెప్పింది.

"రేపు ఆ బండి ఎక్కకండి. ముందు చక్రం నట్టు వేళ్లతోనే తిరిగింది."

"అదేంటి? దానికి చుక్క ఉంది కదా?"

"ఉందండీ. ఉండి కూడా తిరిగింది. మావయ్యకి ఏదో..."

"ఏదో అంటే?" భర్త గొంతు పెరిగింది. "ఆయనకి మతిపోయిందంటావా? రెండేళ్ల తర్వాత నాతో నోరు విప్పి మాట్లాడుతున్నాడు. నిన్న నన్ను 'ఒరేయ్' అన్నాడు, విన్నావా? ఎంత కాలమైందో తెలుసా ఆ మాట విని? నీ చెయ్యి సరిగా లేదు నాన్నా అని ఇప్పుడు నేను చెప్పాలా?"

"నేను చెబుతాను."

"వద్దు. నీకు దణ్ణం పెడతాను. నేనే ఓసారి చూసుకుంటాలే."

భర్త వెళ్లాడు, చూశాడు, వచ్చాడు. "అన్నిటికీ చుక్కలున్నాయి" అన్నాడు. పానా పట్టుకోలేదని ఆయన చేతులు చూస్తేనే తెలిసింది. వేళ్లకి మరక కూడా లేదు. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో పెరిగినవాడు. చుక్క ఉందంటే తల్లి చూసిందన్నమాటే ఆయనకి.

ఆదివారం తెల్లగా, పొడిగా తెల్లారింది. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కొడుకు హెల్మెట్ పెట్టుకుని బండెక్కాడు. ఇంజను పలికింది. గేటు బార్లా తీసి ఉంది. దాని అవతల దిగుడు, దాని అడుగున లారీలు.

కోడలు వెళ్లి ముందు చక్రానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో" అన్నాడు భర్త.

"తప్పుకోను. ఇంజను ఆపండి."

"ఏంటిది, వీధిలో అందరూ చూస్తున్నారు..."

"చూడనివ్వండి. కావాలంటే నా మీంచి పోనివ్వండి. ఆపితేనే తప్పుకుంటాను."

మావయ్య మొహం ఎర్రబడింది. "ఏమ్మా, నా చేతి పని మీద అనుమానమా? ముప్ఫై నాలుగేళ్లు... ఒక్క యంత్రం వెనక్కి రాలేదు నా దగ్గరికి."

ఆమె గుప్పిట తెరిచింది. నట్టు, దాని మీద చుక్క. "ఇది గురువారం దొరికింది మావయ్యా. పాతదన్నారు." వంగి, పానా లేకుండా, రెండు వేళ్లతో ఇరుసు నట్టు తిప్పడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. రెండు. ఇంజను దడకి అది తనంతట తనే తిరగాలని చూస్తున్నట్టుంది. అయిదో చుట్టుకి ఊడి ఆమె అరచేతిలో పడింది.

కొడుకు తాళం తిప్పేశాడు. ఇంజను ఆగిపోయాక ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే, కింద లారీ హారన్ ఇంట్లో మోగినట్టు వినబడింది.

అతను మెల్లగా దిగాడు. హెల్మెట్ తీశాడు. "నాన్నా" అన్నాడు. "నేను ఆ దిగుడు దిగేవాణ్ణి." ఆ తర్వాత, ఆపుకోలేక, "అప్పుడూ అంతే. నీ కళ్లు ఎక్కడుంటాయి నాన్నా? అమ్మ పిలిచినప్పుడూ..."

"వద్దండీ" అంది కోడలు.

మావయ్య చెయ్యి చాచి, నట్టు తీసుకుని, కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. చూసీ చూసీ షెడ్డు గుమ్మంలోని స్టూలు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, అలమర పైఅరలోంచి చిన్న సీసా తీసి వాళ్ల ముందు పెట్టాడు. అత్తయ్య గోళ్ల రంగు. లోపల అడుగున గట్టిపడిన ఎర్రటి పొర తప్ప ఏమీ లేదు.

"ఇది ఆఖరిది. అడుగున కొంచెమే ఉండేది. మూత తీసిన రోజు నుంచీ చిక్కబడిపోతోంది. ఎండిపోయేలోగా... బండి మొత్తానికి ఆవిడ రంగే ఉండాలనుకున్నాను. అందుకని నట్లన్నీ చేత్తో ఎక్కించేసి, ఒక్క పూటలో అన్నిటికీ పెట్టేశాను. తర్వాత బిగిద్దామని. చాలావరకు బిగించాను కూడా. కానీ చుక్క కనబడితే నా చెయ్యి ఆ నట్టు వదిలేసి ముందుకెళ్లిపోతుందిరా. నలభై ఏళ్ల అలవాటు. చుక్క ఉందంటే మీ అమ్మ చూసిందనే. నా చేత్తో పెట్టిన సంగతి నేనే మర్చిపోయాను."



"ఆ రోజు షెడ్డుకి నన్ను వెళ్లమన్నది మీ అమ్మే" అన్నాడు, సీసా కేసే చూస్తూ. "మంచం పక్కన ఏడుపుమొహంతో కూర్చోకండి, వెళ్లి నా సవతి పని చూడండి, పానా చప్పుడు వినబడుతుంటే నాకు నిద్రపడుతుంది అంది. రోజూ అంతే. అందుకే విప్పాను దాన్ని. ఆ రోజు పిలిచిందేమో, నాకు వినబడలేదు. ఆవిడ వింటోందని గట్టిగా చప్పుడు చేస్తున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు కొడుకు.

"నువ్వు అడగలేదురా. తిట్టావు."

కొడుకు తండ్రి ముందు నేల మీద, నూనె మరకల్లోనే, కూర్చుండిపోయాడు. ఆయన మోకాళ్ల మీద తల ఆనించాడు. ముసలి చెయ్యి కాసేపు గాల్లో తచ్చాడి, ఆ తల మీదికి దిగింది.

కోడలు వెళ్లి గేటు మూసి గొళ్లెం పెట్టింది.

ఆ పూట ఎవరూ వంట సంగతి ఎత్తలేదు. ముగ్గురూ కలిసి ఒక్కో నట్టూ పట్టి చూశారు. అరవై ఒకటి ఉన్నాయి. పందొమ్మిది వదులు. ప్రతి వదులు నట్టు దగ్గరా మావయ్య పెదవి కొరుక్కున్నాడు. కొడుకు మాత్రం "ఇదీ పోయింది, సున్నా" అంటూ నవ్వించాలని చూశాడు. పన్నెండోదానికి ఆయన నవ్వాడు.

సాయంత్రం కోడలు కింది దుకాణానికి వెళ్లి కొత్త సీసా తెచ్చింది. నీలం.

"ఎరుపు దొరకలేదా అమ్మా?"

"దొరికింది. తేలేదు."

ఆయన ఆమె వంక చూశాడు. అత్తయ్య పీట అటక మీంచి దింపి, దుమ్ము దులిపి, బండి పక్కన వేశాడు. "పాత చుక్కలు గీకెయ్యమంటావా నాన్నా?" అని కొడుకు బ్లేడు తీశాడు. "వద్దురా. ఉండనీ. కోడలు పక్కన కొత్తది పెడుతుందిలే."

ఆయన ఇరుసు నట్టు బిగించాడు. భుజం నరాలు తేలేదాకా లాగి, పానా ఆమెకి అందించాడు. ఆమె పట్టి చూసింది. ఒక్క క్షణం తటపటాయించింది. చప్పుడు చెయ్యకుండా తనే సర్దేసి ఊరుకోవచ్చు.

"మావయ్యా, ఇంకో పావు చుట్టు తిరిగింది."

ఆయన మొహం మొత్తం మారిపోయింది. కళ్లనిండా నీళ్లతో నవ్వాడు. "మీ అత్తయ్యా అంతే. నలభై ఏళ్లూ అదే మాట. నేనెంత బిగించినా ఇంకో పావు." పానా తీసుకుని, "ఏదీ, మళ్లీ పట్టు" అన్నాడు.

ఈసారి కదల్లేదు. ఆమె సీసా మూత తీసి, ఎర్ర చుక్క పక్కనే నీలం చుక్క పెట్టింది.