మీ తప్పు లేదంది పెట్టె

"ఇంజన్ ఆపండి. మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. చేతికి ఉంగరం ఉంటే తీసి పక్కన పెట్టండి," అంది పెట్టె.

బోటు నడిపే సరంగు మైలపల్లి గురువులు ఉంగరం లాగితే ఓ పట్టాన రాలేదు. సబ్బు రాసుకుని తీశాడు. ఆ లోహం బ్యాటరీ టెర్మినళ్లు రెంటికీ తగిలిందా, వేలు కమిలిపోతుంది మరి! జెట్టీ మీద జనం పనులు మానుకుని చూస్తున్నారు. ఈ పెట్టె పాసు చేయని బోటు సముద్రంలోకి పోకూడదని కొత్తరేవు హార్బర్లో ఆ ఏడాదే రూలు వచ్చింది.

పెట్టె పేరు ఆరా. చేసింది డాక్టర్ వకుళ. ఓల్టేజి కొలవడానికి మీటరు చాలు, అదేం బ్రహ్మవిద్య కాదు. ఆరా మాత్రం మనిషిని కూడా ప్రశ్నలడిగి, గొంతులో తడబాటును బట్టి అబద్ధాన్ని ఇట్టే పట్టేస్తుంది. మనుషులు దాచిపెట్టడం వల్లే సగం బోట్లు బాగుపడటం లేదని ఆవిడ కనిపెట్టింది.

బ్యాటరీ ఒడ్డున చార్జి చేయించి తెచ్చిందే, బాగుంది. టెర్మినళ్లు శుభ్రంగా ఉన్నాయి. బెల్టు బిగువుగానే ఉంది. అందర్నీ దూరం జరగమని, ఆరా ఇంజన్ స్టార్ట్ చేయించింది. ఓల్టేజి పద్నాలుగు దాకా ఎక్కాలి. పన్నెండు దగ్గరే చతికిలబడింది.

"ఇంజన్ నడుస్తుండగా మెయిన్ స్విచ్ ఎప్పుడైనా ఆఫ్ చేశారా?"

గురువులు జెట్టీ మీది జనం వంక చూశాడు. చేశాడు. పోయిన సీజన్లో కోనాం చేపల గుంపు కనబడితే, పక్క బోట్లవాళ్లు పసిగట్టకుండా లైట్లూ జీపీఎస్సూ అన్నీ ఒక్క దెబ్బకి ఆర్పేద్దామని మెయిన్ స్విచ్చే కట్టేశాడు. ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. బ్యాటరీలోకి దారి మూసేస్తే ఆ కరెంటు ఎదురుతన్ని డయోడ్లను కాల్చేస్తుంది. ఆ సంగతి అతనికి తర్వాత తెలిసింది. అప్పటికే రేవంతా చాటేశాడు, అంతకు ముందే కొత్త ఆల్టర్నేటర్ బిగించిన ఇంజన్ డ్రైవర్ దానయ్య వైర్లు తారుమారు చేశాడని. దానయ్య పరాయివాడా? సొంత చెల్లెలి మొగుడు. ఆ తర్వాత దానయ్యని ఇంజన్ దగ్గరికి రానిచ్చిన బోటు లేదు. తిన్న అన్నం ఒంటబట్టక గురువులు సగమైపోయాడు.

పెట్టె మీదికి వంగి, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "నానే కట్టీసినాను."

ఆరా మాత్రం స్పీకర్లో జెట్టీ అంతా వినేలా చెప్పింది. "నిజం చెప్పినందుకు ధన్యవాదాలు. డయోడ్లు కాలిపోయాయి, మార్చాలి. ఇందులో మీ తప్పు లేదు."

"మనం అనుకున్నదే. దానయ్య పనే అది," అన్నారు గట్టు మీద.

గురువులుకి తల కొట్టేసినట్టయింది. డాక్టర్ వకుళ దగ్గరికి గబగబా వెళ్లాడు. "అమ్మా, మీ పెట్టె అబద్దమాడింది."

ఆవిడ అతన్ని పక్కకి పిలిచి గొంతు తగ్గించింది. "అది అందరితోనూ అదే అంటుందండీ. మొదట్లో తప్పు మీదే అనేది. జనం రెండు పెట్టెల్ని సముద్రంలో పారేశారు. మెత్తగా మాట్లాడటం నేర్పాకే నిజాలు చెప్తున్నారు."

"ఆ ముక్క ఆళ్లకి సెప్పండమ్మా. మా బావ బతుకు అన్నాయమైపోతంది."

"చెబితే రేపట్నుంచి దీని ముందు ఎవరూ నోరు విప్పరు. చార్జింగ్ లేక బోట్లు నడిసముద్రంలో ఆగిపోతాయి. మీ బావకి మీరే చెప్పుకోండి."

ఆవిణ్ని అని ఏం లాభం? తిన్నగా చెల్లెలింటికి పోయాడు. దానయ్య అరుగు మీద వల బాగుచేస్తున్నాడు.

"బావా, ఆ స్విచ్చి నానే కట్టీసినాను. నీ పన్లో ఏ లోపం నేదు. పాపిష్టోణ్ణి, నీ మీదకి తోసీసినాను."

దానయ్య తలెత్తి చూశాడు. "నా మొకం సూడనేక నా తప్పు నీ నెత్తినేసుకుంటన్నావా? పెట్టె సెప్పింది రేవంతా ఇన్నాది."

"అది అందరికీ అలాగే అంటాది బావా. డాక్టరమ్మే సెప్పింది."

"ఊరుకో. అబద్దాలు పట్టే పెట్టె అబద్దమాడతాదేటి?"

గురువులు ఒట్టు వేశాడు, బతిమాలాడు, ఏడ్చాడు కూడా. దానయ్య వల పక్కన పెట్టి లేచి వచ్చి, అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వే ఏటో సేసుంటావని ఇన్నాళ్లూ నా లోపల అనుమానం, బావా. నీలాటోణ్ణి అనుమానించినాను. నన్ను సెమించు."