నీరుగొబ్బి మీద వాలిన ఈగ

నాంచారమ్మ తడి తువ్వాలు చేతబట్టుకుని మురుగుకాలవ గట్టున కూర్చుంది. ఎదురుగా నీరుగొబ్బి పొదలు. ల్యాబ్‌లో దాచిన పాత విత్తనాల్ని మొలిపించి డాక్టర్ జుబేదా నాటినవి. ముళ్ల మధ్య ఊదారంగు పూలు విరగబూశాయి.

“ఈ పూలకి తేనెటీగలు తిరిగొస్తాయి నాంచారమ్మగారూ. మీ దోసపాదులకి పిందె నిలుస్తుంది,” అంది పక్కనే నిలబడ్డ జుబేదా.

“ఆ రోబో ఈగల్ని తెచ్చినప్పుడూ ఇదే మాటన్నారు కదండీ, డాక్టరమ్మా!”

వాటిని తయారుచేసింది జుబేదాయే.

కొల్లేటి చుట్టూ తేనెటీగలు కనుమరుగయ్యాక జుబేదా పనిచేసిన కంపెనీ ఆ రోబోల్ని వదిలింది. నువ్వుగింజంత బ్యాటరీ, నూగు కాళ్లు, వీపులో చిప్. పుప్పొడి మోసేవి, కాదనకూడదు. మోస్తూ మోస్తూ ఏ చేలో ఎంత కాపుందో సిగ్నల్ కూడా పంపేవి. కాయ కోయకముందే కబురు దళారికి చేరేది, ధర పడిపోయేది. అది బయటపడ్డాక ఊళ్లో ఝుమ్మన్న ప్రతిదాన్నీ తడి తువ్వాలుతో కొట్టడం, వీపు చీల్చి చిప్ పీకెయ్యడం ఆనవాయితీ అయింది. ఈగ లేక పిందెలు పండుబారి రాలిపోతున్నాయి. ఈ కాపూ పోతే నాంచారమ్మకి కౌలుచేను దక్కదు.

కంపెనీ మానేశానని జుబేదా ఒట్టేసి చెప్పింది. ఒకసారి నమ్మించి గొంతు కోసినవాళ్లు ఈసారి కత్తికి పూలు చుట్టి తెచ్చారేమోనని నాంచారమ్మ అనుమానం.

ఝుమ్మని ఒకటి వచ్చి పువ్వు మీద వాలింది.

“ఆగండి!” అని జుబేదా అరిచేలోగా తువ్వాలు దెబ్బ పడింది. నాంచారమ్మ దాన్ని తీసి, అలవాటుగా వీపు చీల్చబోయింది.

“అమ్మో!”

బొటనవేలు భగ్గుమంది. కొండి దిగింది. రోబో ఈగలు ఏనాడూ కుట్టలేదు. నలిగిన పొట్టలోంచి తేనెబొట్టు వేలికంటుకుంది. నాకి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికి మాత్రం కాదు.

“చంపేశానండీ,” అంది.

“ఇంకా వస్తాయి,” అంది జుబేదా.

వచ్చాయి కూడా. నాలుగైదు ఈగలు నీరుగొబ్బి దాటి దోసపాదుల మీదుగా పక్క చేలోకి మళ్లాయి. అక్కడ ఏడుకొండలు తువ్వాలు తడుపుతున్నాడు.

“మరిదీ, కొట్టకయ్యా! అవి నిజం ఈగలు!” వాచిన వేలు పైకెత్తి చూపిస్తూ పరుగెత్తింది నాంచారమ్మ.

ఏడుకొండలు ఆమెను ఎగాదిగా చూశాడు. వెనకాలే వస్తున్న జుబేదానీ చూశాడు.

“కంపెనీలో ఎప్పుడు చేరావొదినా?” అంటూ తువ్వాలు ఎత్తాడు.