పాదాలు పూర్తిగా ఆనే బండి

నవంబరు ఏడవ తేదీ, శనివారం, ఉదయం. స్థలం మోటారుసైకిళ్ళ షోరూమ్ వెనక, ఒక పక్కకు వాలుగా ఉన్న సిమెంటు ఆవరణ. హాజరైనవారు: అరవై దాటిన విశ్రాంత సర్వేయరు; ఆయన కుడి మోకాలికి ఏడాదిగా వ్యాయామం చేయిస్తున్న ఫిజియోథెరపిస్టు; తండ్రిని ఒంటరిగా పంపలేక సెలవు పెట్టి వచ్చిన కూతురు; బళ్ళు అమ్మే అమ్మాయి.

నలుగురిలో సర్వేయరుగారికే చెమటలు పడుతున్నాయి.

ఆయనకూ ఫిజియోథెరపిస్టుకూ పరిచయమే తగువుతో మొదలైంది. మొదటిరోజు ఆవిడ ఆయన కాలు వంచి, "నొప్పా?" అంది.

"లేదు."

"అబద్ధం చెబితే ఇంకో పది డిగ్రీలు వంచుతాను."

"నొప్పే."

ఆ రోజు నుంచి ఆవిడ దగ్గర ఆయనకు అబద్ధం నిలవలేదు. భార్య పోయి చాలాకాలమైన మనిషి. ఆవిడకేమో పెళ్ళికి తీరికే దొరకలేదు. కిందటివారం మోకాలు ఆవిడ చేతుల్లో ఉండగానే ధైర్యం కూడగట్టుకుని అడిగేశారు: ఒక బండి, సముద్రం పక్క దారి, ఇద్దరూ, జీవితాంతం.

ఆవిడ కాలు వదలకుండా జవాబిచ్చింది. "మోటారుసైకిలంటే నాకు వణుకు. ఒక్కసారి మీ వెనక కూర్చుని చూస్తాను. భయం పోతే సరే. పోకపోతే మళ్ళీ అడగకూడదు."

అందుకే ఆ చెమట.

"ఇది టూరింగ్ బండి సార్. సీటు సోఫాలా ఉంటుంది," అంది అమ్మే అమ్మాయి, నల్లగా నిగనిగలాడుతున్న పెద్ద బండిని చూపిస్తూ.

"సోఫాకైతే ఫర్నిచర్ షాపుకే వెళ్ళేవాళ్ళం కదా నాన్నా," అంది కూతురు.

ఆయన ఎక్కి కూర్చున్నారు. నేలకు తగిలినవి మునివేళ్ళే.

"మడమలు ఆనట్లేదు," అంది ఆవిడ.

"బూట్లు కొత్తవి."

"పది డిగ్రీలు వంచమంటారా?"

"...ఆనట్లేదు. కానీ కదిలాక మడమలతో పనేముంది?"

ఆవిడ హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కింది. బండి కదలగానే ఆవిడ పట్టుకు ఆయన చొక్కా రెండు పక్కలా బిగుసుకుపోయింది. మలుపులో ఆయన ఎడమకు ఒరిగితే ఆవిడ కుడికి ఒరిగింది.

"అటు కాదండీ! నాతోపాటు ఒరగాలి!"

"మీరు పడిపోతున్నారనుకున్నా!"

"పడిపోతే ఆపగలరా?"

"అదే ప్రయత్నిస్తున్నా!"

వాలు దగ్గర ఆయన బ్రేకు వేశారు. మునివేళ్ళు జారాయి. అంత పెద్ద బండీ కునుకు పట్టినట్టు నిదానంగా పక్కకు ఒరిగి పడుకుంది. ఆవిడ ముందే దూకేసింది. ఆయనకు మోచెయ్యి మాత్రం గీరుకుంది.

కూతురు పరుగెత్తుకొచ్చింది. ఆయన చూపు కూతురి మీదా లేదు, బండి మీదా లేదు. పడినప్పటి భయం ఏపాటిది! ఇప్పుడు ఆవిడ నోటివెంట రాబోయే మాటదే అసలు భయం.

"డాక్టరుగారూ, మీరు..."

"ముందు బండి సంగతి చూడండి. చేతులతో లాగకండి! వీపు సీటుకు ఆనించండి. మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా. రోజూ గోడకానించి చేయించిందేగా! కాళ్ళతో లేపాలి."

అమ్మే అమ్మాయి అవతలివైపు స్టాండు తీసి పట్టుకుంది. ఆయనా ఆవిడా పక్కపక్కన వీపులానించి, అడుగులో అడుగు వెనక్కి వేశారు. బండి లేచింది.

అప్పుడు ఆవిడ గట్టు మీద కూలబడింది. "భయం పోలేదు."

"సరే," అన్నారాయన.

"ఏం సరే? ఎందుకు పోలేదో అడగరా?"

"అడగొద్దన్నారుగా."

"అడగొద్దన్నది పెళ్ళి సంగతి! సర్వేరాయిలా నిలబడతారేం? వెనక కూర్చుంటే నాకు మీ వీపు తప్ప దారి కనిపించదు. అదీ నా భయం."

ఆవిడ లేచి మూల నిలిపిన ఇంకో బండి దగ్గరకు నడిచింది. తేలికైనది, సీటు కిందకు ఉన్నది, హ్యాండిల్ నడుము వంచకుండానే అందేది. ఎక్కి కూర్చుంటే రెండు మడమలూ నేలకు ఆనాయి.

"నాన్నగారి గేర్ల బండి నేనే నడుపుకుంటూ కాలేజీకి వెళ్ళినదాన్ని. నాకు ఆనిందంటే మీకూ ఆనుతుంది. ఎక్కండి వెనక."

జీవితమంతా దారులు కొలిచిన మనిషికి మొదటిసారి దారి కనిపించలేదు. హెల్మెట్లో తన ఊపిరే తనకు వినిపిస్తోంది. ఆవిడ కుడికి ఒరగగానే ఆయన ఎడమకు బిగుసుకుపోయారు.

"అటు కాదండీ!"

ఒకటి రెండు చుట్లు అయ్యాక ఆయన ఒళ్ళు ఆవిడతోపాటు ఒరగడం నేర్చుకుంది. బండి ఆగింది.

"ఎలా ఉంది?"

"ప్రాణం పోయింది."

"సగం భయం మీకిచ్చేశాను. మిగతా సగంతో నేను సర్దుకుంటాను. దారిలో మార్చుకుంటూ నడుపుదాం."

"అయితే... ఇప్పుడు అడగవచ్చా?"

"మాట మాటే, మీరు అడగకూడదు." ఆవిడ హెల్మెట్ తీసింది. "నేనడుగుతున్నాను. చేసుకుంటారా?"

ఆయన గబగబా హెల్మెట్ పట్టీ విప్పబోయి ఇంకా బిగించుకున్నారు.

"నాన్నా, చెప్పవేం! నాకు సెలవు ఈ ఒక్కరోజే," అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ.

"చేసుకుంటాను," అన్నారు సర్వేయరుగారు. "భయంగానే ఉంది."

"నాకూను," అంది ఆవిడ.

ఆ తేలిక బండి బుక్ చేసే కాగితంలో 'నడిపేవారు' అన్నచోట ఒక్క సంతకానికే జాగా ఉంది. ఆయన పెట్టారు. ఆ కిందే, గీత దాటి, ఆవిడ పెట్టింది. కూతురు సాక్షిగా మరో మూల ఇరికించింది. సిరా ఆరేదాకా ఆగి, పటాలు మడిచే అలవాటున రాత లోపలికి వచ్చేలా ఆ కాగితాన్ని మడిచి, ఆయన చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం బిగించారు.